పాత జీపు కొని ఇంటిల్లిపాదీ తిరగాలంటే

మా ఇంట్లో 1990 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. గుంటూరులో మా వీధి మలుపు తిరిగేసరికే దాని చప్పుడు డాబా మీద వడియాలు పెడుతున్న అత్తయ్యగారికి వినపడుతుంది. కొని ఏడేళ్లయింది. "మేమూ ఒకటి కొందామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అని చుట్టాల్లో, ఆఫీసులో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ ముందు చెప్పే మాట ఒకటే. జీపు ఎవరి పేరు మీదైనా ఉండనివ్వండి, దాని బాగోగులు మాత్రం ఇల్లంతా చూసుకోవాలి. ఒక్కరికే సరదా ఉన్న ఇంట్లో జీపు రెండో వానాకాలానికల్లా టార్పాలిన్ కిందికి చేరుతుంది. కదలని బండి తిరిగే బండి కన్నా తొందరగా పాడవుతుంది. బ్రేకు సిలిండర్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. అందుకే బేరం మాట్లాడే ముందు ఇంట్లో మాట్లాడండి.

1. ఎవరెవరు ఎక్కుతారో చూసుకుని మోడల్ ఎంచుకోండి

మనవైపు "విల్లీస్ జీపు" అని అందరూ అనేది నిజానికి నాలుగైదు రకాల బండ్లని. రెండో ప్రపంచ యుద్ధం నాటి అసలు విల్లీస్, ఫోర్డ్ జీపులకి బానెట్ ఎత్తు తక్కువ, వాటిని 'లో బానెట్' అంటారు. మహీంద్రా 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు తయారుచేసిన సీజే 3బీ హై బానెట్‌ది. దాని హరికేన్ పెట్రోల్ ఇంజిన్ ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్‌ని పైకి లేపారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 80 అంగుళాలే. ఇద్దరికి ముచ్చటైన బండి. ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ, టిఫిన్ క్యారియర్ కూడా ఎక్కాలంటే మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి.

ఎంఎం 540 అయితే దాదాపు 91 అంగుళాలు. చాలావాటిలో ఉండేది 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్. నెమ్మదస్తురాలు, మొండిది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. కుటుంబానికి నా ఓటు దీనికే. మేజర్ అని ఇంచుమించు ఇలాగే కనిపించే బండ్లున్నాయి గానీ అవి ఎక్కువగా టూ వీల్ డ్రైవ్‌వే, అంటే ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది. అమ్మేవాళ్ల మాట పక్కన పెట్టి వంగి చూడండి. వెనక యాక్సిల్‌కి ఉన్నట్టే ముందు యాక్సిల్‌కి కూడా గుమ్మడికాయంత హౌసింగ్ ఉంటేనే ఫోర్ వీల్.

పెట్రోల్ జీపు మీదే మనసుంటే ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులకీ, పెట్రోలు పంపులోని రబ్బరు పొరకీ (డయాఫ్రమ్) అది పడదు. కొన్న వెంటనే ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించండి.

2. బండి కన్నా ముందు కాగితాలు చూడండి

ముందు జీపు చూస్తే మనసు పడిపోతుంది. మనసు పడ్డాక కాగితాల్లో లొసుగు కనిపించినా సర్దుకుపోతాం. అందుకే ఆర్సీ ఫోటో తెప్పించుకుని చూశాకే బండి దగ్గరికి వెళ్లండి.

ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీద కొట్టిన నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పడతాయి. వాటిని ఆర్సీతో ఒక్కో అంకె సరిచూసుకోండి. అంకెల చుట్టూ కొత్త వెల్డింగ్, గ్రైండింగ్ గీతలు కనిపిస్తే ఆ బేరం అక్కడితో ఆపేయండి. ఇంజిన్ నంబరు, ఇంధనం, సీట్ల సంఖ్య కూడా కలవాలి. పెట్రోల్ జీపులకి డీజిల్ ఇంజిన్లు వేసిన కాలం ఒకటుంది. ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉండాలి. పాత ఫైనాన్సు ఎంట్రీ ఉంటే తీయించే బాధ్యత అమ్మేవాళ్లదే.

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన కార్లు, జీపులకి 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆలస్యం చేస్తే నెలకు 500 చొప్పున పెరుగుతుంది. గ్రీన్ ట్యాక్సు వేరు. ఐదేళ్లుగా రెన్యువల్ లేని బండి చవగ్గా వస్తోందంటే ఇవన్నీ కలిపి చూడండి, చవక ఎంత మిగులుతుందో తెలుస్తుంది.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి నుంచి పాత జీపులు దక్షిణాదికి వస్తుంటాయి. ఎన్‌ఓసీ, అంటే వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఏ ఇచ్చే పత్రం, సరిగా ఉంటే తీసుకోవచ్చు. ఉత్తరాదిలో కొన్నిచోట్ల కొత్తగా కట్టిన జీపుకి పాత ఆర్సీ తగిలించి అమ్ముతారు. వాటి జోలికి వెళ్లొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సినిమా పోస్టర్లలో కనిపించే భారీ టైర్లూ, కోసేసిన బాడీలూ రెన్యువల్ రోజున తలనొప్పి.

ఇంకొకటి. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది, నంబరులో వీఏ అని ఉంటుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, డీజిల్ పోయించుకోవడానికీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిరగకూడదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనుకునే ఇంటికి అది పనికిరాదు. మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి.

3. ఒక పాత దుప్పటి, టార్చి, అయస్కాంతం పట్టుకెళ్లండి

పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేశారన్నమాట, అంటే చల్లని ఇంజిన్ సరిగా అందుకోవడం లేదని అనుమానించాలి. ప్యూజో డీజిల్ ఇంజిన్‌కి స్టార్ట్ చేసే ముందు దాన్ని లోపల వేడెక్కించే హీటర్ ఉంటుంది. కాసేపు హీటర్ ఇచ్చి సెల్ఫ్ కొడితే అందుకోవాలి. మొదట కాస్త పొగ వచ్చి తగ్గితే పరవాలేదు. నీలంగా ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తే డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్ పని ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి బుసబుస పొగ తంతుంటే పిస్టన్ రింగులు అయిపోయినట్టే, ఇంజిన్ పని ఖర్చు కలుపుకుని బేరం ఆడండి.

అయస్కాంతాన్ని బాడీ అంతా జరపండి. ఎక్కడ అంటుకోదో అక్కడ రేకు మీద మందంగా లప్పం పెట్టారు, లేదా రేకే లేదు. కొద్దిగా ఉంటే పాత బండికి తప్పు కాదు. తర్వాత దుప్పటి పరుచుకుని కిందికి దూరండి. కమాన్ కట్టలు (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగులు) ఛాసిస్‌కి తగిలే చోట, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట పగుళ్లు, అతుకులు వెతకండి. ముందు చక్రం జాకీ మీద లేపించి పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకటలాడితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు), బేరింగుల పని ఉంది.

విజయవాడ బండయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదని గుర్తు పెట్టుకోండి. సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో నానిన బండ్లెన్నో. డాష్ బోర్డు వెనక మూలల్లో, సీటు కింద గొట్టాల్లో సన్నటి ఒండ్రు మిగిలిపోతుంది. వేలుతో తీసి చూడండి. హౌసింగ్ నట్టు విప్పితే వచ్చే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయి.

4. రంగు ఆఖరున, బ్రేకులు మొదట

ఇది మేము తప్పు చేసిన చోటు, కాబట్టి వివరంగా చెబుతాను. కొన్న నెలలోనే ముచ్చటపడి రంగు వేయించాం, కొత్త టాప్ కుట్టించాం. మూడో ఆదివారం కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాం. పైన రెడ్డిరాజుల కోట గోడల మీద పిల్లలు ఆడుకున్నారు. దిగుతుంటే రెండో మలుపులో బ్రేకు పెడల్ మెత్తగా నేలకి దిగిపోయింది. మా వారు నడుపుతున్నారు. అప్పటికే సెకండ్ గేరులో ఉండటం వల్ల బండి ఇంజిన్ పట్టు మీద నెమ్మదించింది. కొండ వైపు గట్టుకి ఆనించి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. వెనక ఎడమ చక్రం లోపలి గోడంతా బ్రేకు ఆయిల్ కారి తడిసిపోయి ఉంది. ఆ చక్రం దగ్గరి బ్రేకు సిలిండర్లో రూపాయి బిళ్లంత రబ్బరు కప్పు చిరిగింది, అంతే. ఈ పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకీ కలిపి బ్రేకు లైను ఒక్కటే. ఒక చక్రం దగ్గర కారితే నాలుగూ పోతాయి.

మర్నాడే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. బండి చుట్టూ తిరిగి, "అమ్మాయ్, రంగుకి పెట్టిన డబ్బులో సగం ఇటు పెట్టుంటే సరిపోయేది" అన్నాడాయన. కోప్పడలేదు, ఉన్నమాటే అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పిన వరుసే మీకూ చెబుతున్నాను. బండి కొన్న ధరలో కనీసం మూడో వంతు విడిగా పెట్టుకుని ఈ వరుసలో ఖర్చు చేయండి.

ముందు బ్రేకులు: పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి నాలుగు వీల్ సిలిండర్లు, బ్రేకు పైపులు, షూలు. బాగానే ఉన్నాయని ఎవరన్నా సరే, రబ్బరు సామాను అంతా మార్చేయండి. ఆ తర్వాత స్టీరింగ్, కింగ్ పిన్‌లు, కమాన్ కట్టల బుష్‌లు. ఆ తర్వాత రేడియేటర్ విప్పించి లోపలి గొట్టాలు శుభ్రం చేయించడం, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు. మన రోహిణి కార్తె ఎండలకి ఇది విలాసం కాదు. ఆపైన వైరింగు. టేపు చుట్టిన ముక్కల్ని తీసేయించి ఫ్యూజులతో కొత్తగా వేయించండి, పాత బండ్లకి నిప్పంటుకునేది ఎక్కువగా ఇక్కడే. టైర్లు పైకి బాగున్నా పక్క గోడలు పగిలి ఉంటే మార్చాల్సిందే.

ఆటోనగర్‌లో ఒక్కో పనికి ఒక్కో కొట్టు. లేత్ పని ఒకచోట, కమాన్ కట్టలు ఒకచోట, డీజిల్ పంపు ఇంకోచోట. పనికి ముందే ఒక మేస్త్రీని పట్టుకుని ఆయన చేతుల మీదుగా అన్నీ నడిపించండి. తీసేసిన పాత సామాను అడిగి తీసుకోండి. మా పిల్లలకి ఆ చిరిగిన కప్పు చూపించాం, ఇప్పటికీ షోకేసులో ఉంది.

5. పిల్లలకి బెల్టులు

వెనక ఎదురెదురు బల్లల మీద పిల్లలు గాలికి ఊగుతూ కూర్చోవడం చూడటానికి బావుంటుంది. అలా తీసుకెళ్లకండి. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టు గానీ, పిల్లల సీటు గానీ ఉండాలని చట్టమే చెబుతోంది. మేము వెనక సీటుని ముందు వైపు తిరిగి ఉండేలా పెట్టించి, నడుము బెల్టులు వేయించాం. బెల్టు బోల్టు కింద అరచేయంత మందపాటి ప్లేటు ఉండాలి. ఉత్త రేకుకి బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా ఊడొస్తుంది. ఇలాంటి పనులు మొదలుపెట్టే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా, బండి విలువ మాట్లాడుకుని పూర్తి పాలసీ ఇచ్చేవాళ్లని వెతకండి.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. జీపు ఫుట్‌బోర్డు ఎత్తు. వంటింట్లో పాత చెక్క పీటకి తాడు కట్టి జీపులో పెట్టాం. ఆవిడ పీట మీద కాలేసి ఎక్కి కూర్చుంటే తాడుతో పీటని పైకి లాగేస్తాం. వేల రూపాయల సామానులో మాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఆ పీట.

6. ఆదివారం పొద్దున అరగంట

పాత జీపుకి గ్రీజు అన్నంతో సమానం. కింద చాలాచోట్ల గ్రీజు ఎక్కించే చిన్న మూతులు, నిపుల్స్, ఉంటాయి. కమాన్ కట్టల షాకిల్స్, స్టీరింగ్ రాడ్ల చివర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు. నెలకోసారి, వాన నీళ్లలో తిరిగితే వెంటనే, అన్నిటికీ పెట్టాలి.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆ పని తనదే. గుడ్డతో నిపుల్ మీది మట్టి తుడుస్తుంది, తుడవకపోతే మట్టి కూడా లోపలికి వెళ్తుంది. గ్రీజు గన్ను మూతి నిపుల్‌కి టక్కున పట్టేదాకా నొక్కుతుంది. రెండు మూడు సార్లు పంపు కొట్టాక బుష్ అంచు నుంచి నల్లటి పాత గ్రీజు పురుగులా బయటికొస్తుంది. ఇంకోసారి కొడితే దాని వెనకే తేనెరంగు కొత్త గ్రీజు కనిపిస్తుంది. "వచ్చింది నాన్నా" అంటుంది. అక్కడితో ఆపాలి. ఆ నల్లదాన్ని తుడిచేయాలి, లేకపోతే దుమ్ము పట్టి ముద్దవుతుంది. ఏ నిపుల్‌లోంచైనా గ్రీజు రాకపోతే దాని దగ్గర సుద్దముక్కతో గుండ్రం చుడుతుంది. అది మేస్త్రీకి చూపించాల్సింది.

చిన్నవాడు ఆయిల్ గేజీ, రేడియేటర్ నీళ్లు, బ్రేకు ఆయిల్ డబ్బా చూసి నోటుపుస్తకంలో రాస్తాడు. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలని వాడికి మొదటి రోజే నేర్పాం. నేను టైర్ల గాలి, లైట్లు. మా వారు డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలి, బ్రేకు పెడల్ నొక్కి నిమిషం పాటు పట్టుకుంటారు. కాలి కింద మెల్లగా జారితే ఆ రోజు ప్రయాణం లేదు. బ్రేకు ఆయిల్ గాలిలో చెమ్మ పీలుస్తుంది, కృష్ణ ఒడ్డున చెమ్మకి కొదవ లేదు. రెండేళ్లకోసారి మొత్తం మార్చండి.

7. నడపడం కొత్తగా నేర్చుకోవాలి

కారు నడిపిన అలవాటుతో జీపు ఎక్కొద్దు. ఖాళీ గ్రౌండులో రెండు ఆదివారాలు తిప్పండి. స్టీరింగ్ బరువు, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందు బండికి రెట్టింపు దూరం వదలాలి. పాత మూడు గేర్ల జీపుల్లో ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు పళ్ల వేగాన్ని కలిపే ఏర్పాటు) ఉండదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి. హైవే మీద గంటకి 55, 60 కిలోమీటర్లు చాలు. గుంటూరు నుంచి విజయవాడకి మాకు గంట పైనే పడుతుంది.

ఫోర్ వీల్ గేరు పొడి తారు రోడ్డు మీద ఎప్పుడూ వేయకండి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ జీపుల్లో ముందు, వెనక షాఫ్టుల మధ్య ఆ తేడాని సర్దే ఏర్పాటు లేదు. మట్టిలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోలేక గేరు పెట్టె బిగుసుకుంటుంది. బురదలో మాత్రం ఇరుక్కున్నాక కాదు, దిగకముందే వేయాలి.

నల్లరేగడి డొంక తడిస్తే దాని సంగతి వేరు. మట్టి టైరుకి పిండిలా అంటుకుని గళ్లన్నీ మూసేస్తుంది, మడ్‌గార్డు దాకా పేరుకుపోతుంది. ఫోర్ వీల్‌ని తక్కువ వేగపు 'లో' గేరులో పెట్టి, సెకండ్‌లో, ఒకే తీరున నెమ్మదిగా పోవాలి. చక్రం ఊరికే తిరిగితే యాక్సిలరేటర్ వదిలేయండి, ఇంకా నొక్కితే గొయ్యి తవ్వుకుంటారు. ట్రాక్టర్‌తో లాగించాల్సి వస్తే తాడు ఛాసిస్ కొక్కేనికే కట్టండి, తెగితే విసురు తగ్గేలా తాడు మధ్యలో తడిపిన గోనె సంచి వేయండి, పిల్లల్ని తాడు పొడవుకి రెట్టింపు దూరం నిలబెట్టండి. వాన వెలిసిన మర్నాడు రైతుల డొంకలోకి అసలు దిగకపోవడం మర్యాద. మన టైరు గాళ్లలోనే వాళ్ల బండ్లు వారమంతా పడి లేవాలి.

చక్రం మార్చేటప్పుడు ఇది తప్పనిసరి. పాత సీజే జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాదు, గేరు పెట్టె వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపగానే ఆ బ్రేకు పట్టు పోయినట్టే, బండి జాకీ మీద నుంచి దొర్లిపోవచ్చు. లేపే ముందు మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. మా జీపులో రెండు చెక్క దిమ్మలు ఎప్పుడూ ఉంటాయి.

8. ఎక్కడికి వెళ్లాలి

దగ్గరతో మొదలుపెట్టండి. కృష్ణ కరకట్ట మీద పొద్దున్నే అమరావతి వైపు వెళ్లడం మొదటి ప్రయాణానికి చాలా బావుంటుంది, ఎండెక్కేలోపు ఇల్లు చేరొచ్చు. తర్వాత కొండవీడు, కోటప్పకొండ. ఘాట్ ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, బ్రేకు మీద కాలు నానబెట్టకండి. కొండపల్లి కోట రోడ్డు బావుంటుంది గానీ చుట్టూ రిజర్వు అడవి, రోడ్డు దిగి లోపలికి తిప్పడానికి లేదు.

చలికాలంలో బాపట్ల దగ్గర సూర్యలంక, లేదంటే దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. జీపుని సరుగుడు తోట నీడలో ఆపి తీరం దాకా నడవండి. ఇసుకలోకి దించకండి. శీతాకాలం నుంచి వేసవి మొదలు వరకు ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. చక్రం కింద ఏముందో మనకి కనపడదు. ఉప్పుగాలి రేకుని తింటుంది కాబట్టి అదే రోజు కింద నుంచి మంచినీళ్లతో కడగాలి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరకండి. టాప్ ఉన్నా వేడి నేల నుంచే వస్తుంది.

9. ఇంటికొచ్చాక పది నిమిషాలు

ఆగగానే అందరూ దిగి లోపలికి పరుగెత్తే అలవాటు మా ఇంట్లో లేదు. అమ్మాయి నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి చక్రం మధ్యలో ఉండే హబ్‌కి వేలు దగ్గరగా పెట్టి వేడి చూస్తుంది. నాలుగూ ఒకేలా ఉండాలి. ఒకటి మిగతావాటికన్నా కాలిపోతుంటే అక్కడ బ్రేకు వదలట్లేదు, లేదా బేరింగు బిగుసుకుంది. చిన్నవాడు కింద పరిచిన అట్టముక్క మీద కొత్త చుక్కలేమైనా పడ్డాయా అని చూస్తాడు. పాత జీపు కాస్త ఆయిల్ కారుస్తుంది, నిన్నటి చుక్కకన్నా పెద్దదైతేనే చెప్పమన్నాం. మా వారు కమాన్ కట్టల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకి పైపు పెడతారు. నేను నోటుపుస్తకంలో కిలోమీటర్లు రాస్తాను. ఈలోగా అత్తయ్యగారు పీట మీద కాలు పెట్టి దిగి, దాన్ని తడవకుండా తీసుకెళ్లి గోడకి ఆనిస్తారు.